వెనక కారు బరువు

ఆస్ట్రేలియాలో మా టూవూంబా ఘాట్ రోడ్డు దిగుతుంటే ఇవాళ మళ్ళీ ఆ వాసన తగిలింది. ముందు వెళుతున్న లారీ బ్రేకులు కాలిన వాసన. మాడిన ఇనప పెనం మీద రబ్బరు ముక్క వేసినట్టు ఉంటుంది. కారు అద్దాలు ఎత్తేశాను, ఏసీ ఆపేశాను, అయినా ముక్కును వదల్లేదు. పక్క సీట్లో మా అమ్మాయి "వాట్స్ రాంగ్, అమ్మా?" అంది. రాజ్యం ఆంటీ గుర్తొచ్చిందన్నాను. అది మళ్ళీ ఫోన్లోకి తల దించేసింది. దానికి ఆవిడ తెలియదు. మీకూ తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పుకునే కథ తప్పు కాబట్టి నేను చెప్పాల్సి వస్తోంది.

రాజ్యం ఆంటీ అంటే రాజ్యలక్ష్మి గారు. సొంతూరు బందరు. నేను అనంతపురం నుంచి ఇక్కడి ఆసుపత్రికి నర్సుగా వచ్చినప్పుడు మా వార్డు ఇన్‌చార్జి ఆవిడే. భర్త పోయారు, పిల్లలు లేరు. ఆవిడ నాకు మొదట నేర్పింది సూది వెయ్యడం కాదు, కాదనడం. లేవలేని రోగిని మంచం మీంచి ఎత్తే యంత్రం ఒకటుండేది. ఎంత బరువు వరకూ ఎత్తవచ్చో దాని మీదే రాసి ఉంటుంది. ఒకరోజు ఒక భారీ మనిషిని దాంతో ఎత్తెయ్యమని డాక్టరు తొందరపెట్టాడు. ఇంకా పెద్ద యంత్రం పై అంతస్తులో ఉంది. నేను సరేనని పట్టీలు తగిలిస్తుంటే ఆంటీ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"అక్కడ రాసింది చదివావా?"

"కొంచెమే ఎక్కువ ఆంటీ. డాక్టర్ వెయిట్ చేస్తున్నాడు."

"చెయ్యనీ. నీ మొహమాటం చూసి ఆ పట్టీ గట్టిపడదు అమ్మాయ్."

పెద్ద యంత్రం కిందికి వచ్చేదాకా డాక్టరు మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. ఆంటీ ఆయన వంకైనా చూడలేదు. మా ఇంట్లో ఆడపిల్లలకి నేర్పని విద్య అది. పెళ్ళివారికీ, పక్కింటివారికీ, ఆఖరికి బస్సులో సీటడిగినవారికీ సరేనంటూ పెరిగినదాన్ని నేను. కాదన్న మనిషి కూడా మర్యాదగానే బతకవచ్చని ఆవిణ్ణి చూశాకే తెలిసింది.

రిటైరయ్యాక ఆవిడ ఒక మోటార్‌హోమ్ కొన్నారు. మంచం, పొయ్యి, సింకు అన్నీ లోపలే ఉన్న పెద్ద బండి. ఆగినచోట ఊళ్ళోకి తిరగడానికని చిన్న కారుని దాని వెనక ఇనప ఫ్రేముతో తగిలించారు. దాని నాలుగు చక్రాల మీద అది దొర్లుకుంటూ వచ్చేది. మనవాళ్ళు నవ్వారు. ఒక్కదానికి రెండు బళ్ళెందుకన్నారు. ఆవిడకి కావలసింది ఒకటే. "బందరులో సముద్రంలోంచి పొద్దు పొడవడం చూస్తూ పెరిగాను. పడమటి తీరంలో పెర్త్ దాకా నేనే నడుపుకుంటూ వెళ్ళి, సముద్రంలో పొద్దు కుంకడం చూడాలి" అనేవారు. ముప్పయ్యేళ్ళు ఇతరుల మంచాల పక్కన నిలబడ్డ మనిషి. అంతకంటే ఏమీ అడగలేదు.

బయలుదేరే ముందు ఆవిడ లారీలు తూచే కాటా మీదికి రెండు బళ్ళనీ ఎక్కించారు. నీళ్ళ ట్యాంకు నింపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ తూయించారు. ముందు బండికో పరిమితి, వెనక కారుకో పరిమితి ఉంటాయట. రెండూ కలిపి ఇంకొకటి ఉంటుందట. విడివిడిగా సరిపోయినా కలిపితే దాటిపోవచ్చు. మాది ఆ మూడోదానికి కాస్త లోపలే ఉంది.

"కారు దాని చక్రాల మీద అదే వస్తోంది కదా ఆంటీ, మనకేం బరువు?" అన్నాను.

"ఎక్కేటప్పుడు లాగాలి. దిగేటప్పుడు అది మనల్ని తోస్తుంది. దానికీ బ్రేకు పడే ఏర్పాటు ఉంది, నిజమే. కానీ ఘాట్‌లో రెండిటినీ ఆపాల్సింది నేనే."

ఆ కార్తీకమాసంలో బ్రిస్బేన్ దగ్గర పార్కులో మనవాళ్ళ వనభోజనాలు పెట్టుకున్నారు. ఆంటీ అక్కడికి వచ్చి, అటునుంచి అటే పెర్త్ ప్రయాణం మొదలుపెడతానన్నారు. బ్రిస్బేన్ దాకా నేనూ ఆవిడతో వెళ్ళాలి. రెండు రోజుల ముందు చలపతి గారు ఫోన్ చేశారు. ఆయన మా తెలుగు సంఘం కార్యదర్శి. కాదన్న మాట ఆయన చెవికి ఎక్కదు.

"అక్కా, వంట సామాను మీ బండిలో వేస్తాను. మా ఎస్‌యూవీ నిండా చుట్టాలే, ప్లేస్ లేదు."

"కుదరదు చలపతి గారూ. లిమిట్ దగ్గర్లో ఉన్నాను."

"వెనకాల కారు ఖాళీగానే వస్తోంది కదా?"

"ఖాళీగా రావాలి కాబట్టే వస్తోంది."

ఆయన నవ్వి, సరే అక్కా మీ ఇష్టం అన్నారు. మేం బయలుదేరే ఉదయం మళ్ళీ ఫోన్ చేసి, దారిలోనే కదా, కాఫీ తాగి వెళ్ళండన్నారు. ఆంటీకి ఇష్టం లేదు. అయినా ఆయన భార్య సుగుణ గారు ఫోన్ అందుకుని బతిమాలేసరికి, ఎంతైనా బందరు మనిషి, ఇంటికి పిలిస్తే కాదనలేకపోయారు. ఆవిడ మొహమాటపడగా నేను చూసింది ఆ ఒక్కసారే. మేం లోపల కాఫీ తాగుతుంటే సుగుణ గారు వేడివేడి పెసరట్లు కూడా వేశారు. చలపతి గారు మాత్రం కూర్చోలేదు. గరాజ్‌లో పని ఉందంటూ వెళ్ళారు. వెనక తగిలించి లాక్కెళ్ళే కారుకి స్టీరింగు బిగుసుకోకూడదు, కాబట్టి తాళంచెవి దానికే ఉంటుంది. తలుపులు తెరవడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. ఆంటీ బయటికొచ్చి, ఫ్రేము బిగింపూ గొలుసులూ లైట్లూ చూశారు. పొద్దున సొంత చేత్తో మూసిన డిక్కీని మళ్ళీ తెరవలేదు.

ఘాట్ సగం దిగాక ఆ వాసన వచ్చింది. ఆంటీ గేరు తగ్గించారు. బండి తగ్గలేదు. వెనకనుంచి ఎవరో భుజం పెట్టి నెడుతున్నట్టు ముందుకే పోతోంది.

"ఈ బరువు మనది కాదు" అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. "బ్రేకు పట్టడం లేదు. గట్టిగా పట్టుకో అమ్మాయ్."

బ్రేకులు పోయిన లారీల కోసం పక్కకి తీసిన కంకర దారి ఒకటుంది. ముందున్న కార్ల నుంచి తప్పించి, బండిని సూటిగా దాంట్లోకి ఎక్కించారు. చక్రాలు కంకరలో కూరుకుపోయి ఆగాం. వెనక కారు మెలితిరిగి మా మీదికి వచ్చి గుద్దుకుంది. నాకు గీతలు పడ్డాయి. ఆవిడ కుడి భుజం నుజ్జయింది. దిగి చూస్తే డిక్కీ పగిలిపోయి కంకర నిండా బియ్యం. బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు, నీళ్ళ సీసాల కేసులు, గుండిగలు, ఇనప పొయ్యిలు.

అంబులెన్స్ రాకముందే నేను చలపతి గారికి ఫోన్ చేశాను. "అయ్యో, అందరూ సేఫేనా?" అన్నారు. ఆ తర్వాత, "గుండిగలు గుడివమ్మా, సొట్టలేమైనా పడ్డాయా?" అన్నారు. ఆ గొంతు నేనింకా మరచిపోలేదు. మరచిపోయే ఉద్దేశమూ లేదు.

ఆసుపత్రిలో పోలీసు అడిగితే ఆంటీ, బండి నాది, బరువు చూసుకోవాల్సింది నేను అని చెప్పారు. అతను వెళ్ళాక నేను మంచం పక్కన ఏడ్చినంత పని చేశాను.

"ఆయన పేరెందుకు చెప్పలేదు ఆంటీ?"

"చట్టం బండి నడిపేవాళ్ళనే అడుగుతుంది. డిక్కీ తెరవకుండా కదిలింది నేనేగా."

నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. పరిమితి దాటిన బరువు కాబట్టి ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేశారు. భుజం మళ్ళీ పూర్తిగా లేవలేదు. స్టీరింగు తిప్పే చెయ్యి జడ వేసుకోవడానికి కూడా పనికిరాకుండా పోయింది. ఊళ్ళో మాత్రం, ఆ వయసులో ఆడమనిషికి అంత బండెందుకు, అన్నారు. ఆ మాట ఎక్కువగా అన్నది చలపతి గారే. వనభోజనాలు ఆ రోజు ఆగలేదు. హోటల్ నుంచి బిర్యానీ తెప్పించుకున్నారట.

పోయిన చలికాలం ఆంటీ పోయారు. పెర్త్ చూడలేదు. విమానంలో తీసుకెళతానని ఎన్నిసార్లన్నా, నడుపుకుంటూ వెళ్ళాలనుకున్నదానికి కూర్చుని వెళ్ళడమెందుకులే అనేవారు. సంతాప సభలో చలపతి గారు మైకు పట్టుకుని, ఆవిడ నాకు సొంత అక్కలాంటిదని కళ్ళు తుడుచుకున్నారు. నేను లేచి నిలబడ్డాను.

"వద్దన్న తర్వాత ఆ కారులో బియ్యం ఎక్కించింది మీరే కదా అంకుల్?" అన్నాను.

ఆయన మైకు వంక చూశారు. వెనకనుంచి ఎవరో మెల్లగా, "ఇప్పుడెందుకమ్మా ఆ సంగతి? భోజనాలు చల్లారిపోతాయి" అన్నారు. అందరూ లేచి ప్లేట్ల వైపు వెళ్ళారు.

ఆ తర్వాత నన్ను పిలిచే ఇళ్ళు తగ్గాయి. పిలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళి కాఫీ తాగుతాను. బయటికొచ్చాక, వాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే, కారు డిక్కీ తెరిచి చూసుకుంటాను. వాళ్ళు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.