టాలీ బాబాయ్ వేసిన చీటీలు

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా అత్తగారు అన్నారు, మా ఆయన అన్నారు, సెక్టర్ 2లో మా క్వార్టరుకి పాలు పోసే భయ్యా కూడా అన్నాడు. అనరా మరి? పాలలో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందో జారుతుందో చూసి గానీ గిన్నె లోపలికి తీసుకునేదాన్ని కాదు. కూరలవాడి తక్కెడ తిరగేసి చూసేదాన్ని. "బహన్‌జీ, ఆప్‌కో తో పోలీస్ మే హోనా థా" అని, నేను పోలీసుల్లో ఉండాల్సినదాన్నని నవ్వేవాడు వాడు. నవ్వితే నవ్వనీ, నా కూర నాకు సరిగ్గా వచ్చేది. దుర్గ్‌లో ఒక ఆడపిల్లల కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. ఎం.ఏ. ఫస్టు క్లాసు. ఆ ఫస్టు క్లాసు సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెప్పేదాన్ని, అదీ ఒప్పుకోవాలి.

డెబ్భైల చివర్లో మా తెలుగువాళ్ళ సంఘానికి ఒక రీడింగ్ రూము ఉండేది. ముందు హాలు, వెనక చిన్న గది. ఆ వెనక గదిలో టాలీ బాబాయ్ ఉండేవాడు. ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, రైలు పట్టాలు తీసే మిల్లులో పట్టాలు లెక్కపెట్టే పనిచేసి రిటైరైన మనిషి. నాలుగు నిలువు గీతలు, ఐదోది వాటి మీద అడ్డంగా, ఆ లెక్కనే మిల్లులో టాలీ అంటారు. ముప్పూటలా షిఫ్టుల్లో అదే గీతలు గీసి గీసి, అసలు పేరు పోయి టాలీ బాబాయ్ అయ్యాడు. చదువు ఎనిమిదో క్లాసు. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, భాష రాదు.

రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. భార్య అప్పటికే పోయింది. కొడుకు హథ్‌ఖోజ్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళది ఒక్కటే గది, అందులో ఆరుగురు. ఇంక ఈయన ఎక్కడ పడుకుంటాడు? అంచేత సంఘంవాళ్ళు హాలు తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, "ఊడ్చి, పేపర్లు సర్దిపెట్టు, వెనక గదిలో ఉండు బాబాయ్" అన్నారు. ఆ తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. అది పోతే ఆయనకి నెత్తిమీద కప్పు లేదు. ఇది అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక బహుమతి సంగతి. మా సంఘం ప్రెసిడెంటు ప్లాంటులో పెద్ద ఆఫీసరు. విదేశాల నుంచి ఎకనామిక్స్ పత్రికలు తెప్పించుకుని, చదివేశాక రీడింగ్ రూముకి పంపేవారు. చదివేశాక అన్నది ఆయన మాట. సగం పేజీలు అంచులు కోయకుండా అతుక్కునే ఉండేవి, నేను చూశాను. ఆయనకే పుట్టింది ఈ సరదా: అర్థశాస్త్రానికి ఏటా ఇచ్చే ఆ పెద్ద బహుమతి ఎవరికొస్తుందో మనం ముందే చెప్పాలి. సెప్టెంబరులో విశ్వకర్మ పూజనాడు హాల్లో తాళం వేసిన చెక్కపెట్టె పెట్టేవారు. అక్టోబరు మొదటి ఆదివారం దాకా ఎవరి చీటీ వాళ్ళు వెయ్యొచ్చు. పేపర్లో వార్త వచ్చాక, ఆ పై ఆదివారం పెట్టె తెరిచేవారు. సరిగ్గా చెప్పినవాళ్ళకి పేరు చెక్కిన స్టీలు గ్లాసు. ఇద్దరికి కలిపి బహుమతి వచ్చిన ఏడు, ఇద్దరిలో ఒకరి పేరు రాసినా చాలు.

ఇంజనీర్లు, డాక్టర్లు, హిందీ మాష్టారు, అందరూ వేసేవారు. నేనైతే గెలిచినట్టే అనుకుని వేసేదాన్ని. మొదటి ఏడు నాకు రాలేదు, ఎవరికీ రాలేదు. రెండో ఏడు ఎవరో వేళాకోళానికి "నువ్వూ ఒకటి పడెయ్ బాబాయ్" అన్నారు. ఆయన వేశాడు. గ్లాసు ఆయనకే వచ్చింది!

హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. గుడ్డిగా తగిలిందిలే అనుకున్నాను. మూడో ఏడు మళ్ళీ ఆయనదే గ్లాసు. ఈసారి నా చేతులు లేవలేదు.

"ఎలా చెప్పావు బాబాయ్?" అని అడిగితే, "ఏటుందమ్మా, టాలీయే గదా" అని నవ్వాడు. చూశారా, ఆ నవ్వు! ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను: "పెట్టె ఉండేది హాల్లో. హాలు తాళంచెవి అతని మొలకి. అతని దగ్గర ట్రాన్సిస్టరు ఉంది. రేడియోలో పేరు వినడం, పెట్టె తెరవడం, చీటీ మార్చడం, ఎంతసేపండీ? కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?"

మా ఆయన అప్పుడే షిఫ్టు దిగి వచ్చి బూట్లు విప్పుకుంటున్నారు. "ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే" అన్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ఆ మర్నాడే ప్రెసిడెంటుగారింటికి వెళ్ళి, ఆ చెక్కపెట్టె తెప్పించి, ఆయన కళ్ళముందే నా తలపిన్నుతో దాని తాళం తీసి చూపించాను. ఆయన కళ్ళజోడు తీసేసి, "ఇదేంటమ్మా ఇది!" అన్నారు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. నాలుగో ఏడు నుంచి పెట్టె మా ఇంటి బీరువాలో ఉండాలని, ప్రతి కవరు మీదా నా సంతకం పడాలని ఆయన ఆర్డరు వేశారు. ఎందుకో చెప్పలేదు గానీ, సెక్టర్ అంతా ఎందుకో చెప్పుకున్నారు.

బాబాయ్ తన కవరు పట్టుకుని మా గుమ్మంలోకే వచ్చాడు. నేను అతుకు మీద అడ్డంగా సంతకం పెడుతుంటే చూసి, "మంచి పనే సేసినావమ్మా. హాల్లో సెదలు పట్టేత్తన్నాయి" అన్నాడు. అబ్బో, ఏం నటన అనుకున్నాను. టీ తాగుతావా అని కూడా అడగలేదు.

వార్త వచ్చింది. ఆదివారం పొద్దున్నే పెట్టె నేనే మోసుకెళ్ళాను. ఒక్కో కవరూ చింపి చదివారు. ఆ ఏడు ఎవరికీ తగల్లేదు. బాబాయ్ చీటీ విప్పి ప్రెసిడెంటుగారు పేరు చదవగానే నేను లేచి నిలబడ్డాను. "అయ్యో రామా! ఆయన చచ్చిపోయి ఎన్నేళ్ళయిందో! ఆ బహుమతి బతికున్నవాళ్ళకే ఇస్తారండీ!"

హాలు గొల్లుమంది. నేనూ పగలబడి నవ్వి, అందరికీ వినపడేలా, "పెట్టె బీరువాలోకి వెళ్ళేసరికి విద్య కూడా పోయిందే" అన్నాను. ఆ మాటతో నవ్వు ఆగిపోయింది. అందరూ బాబాయ్ వైపు చూశారు. ఆయన మూలన స్టూలు మీద కూర్చుని, పోయిన మనిషి పేరు రాశానే అని నాలిక కరుచుకుంటున్నాడు. సాయంత్రం ఐదింటికి కమిటీ కూర్చుంటుందని, తాళంచెవి సంగతి అప్పుడే తేలుస్తామని సెక్రటరీ చెప్పాడు.

మధ్యాహ్నం నాకు కాలు నిలవలేదు. ఒప్పించి తీరాలి, తన నోటితో చెప్పించాలి. నేరుగా వెనక గదికి వెళ్ళి, "ఇప్పుడైనా నిజం చెప్పు బాబాయ్, నేను సర్దిచెబుతాను" అన్నాను.

ఆయన ట్రంకు పెట్టె తెరిచి ఒక పొడుగాటి పుస్తకం తీశాడు, మిల్లులో లెక్క రాసుకునేలాంటిది. ప్రతి పేజీలో ఎడమ పక్క ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు, ఒక్కో పేరు ఎదురుగా గీతలు. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. వరసలు వరసలు.

"అయ్యగారి పుస్తకాలు దులుపుతాను, అతుక్కున్న పేజీలు కోసెడతాను గదమ్మా. పేజీ కిందన సిన్నచ్చరాల్లో పేర్లుంతాయి సూడు. రాసినోడు, ఇదిగో పలానా ఆడు ముందే ఇలా అన్నాడని సెప్పుకుంతాడు గావాల. ఎవులి పేరు ఎక్కువసార్లు వొత్తే ఆడు పెద్దోడన్నమాట. ఏటాది పొడుగునా గీత లెట్టుకుంటాను. బహుమతి ముందే వొచ్చీసినోళ్ళని డిస్పాచయిపోయినట్టు కొట్టేత్తాను. మిగిలినోళ్ళలో పైనున్నోడి పేరు సీటీ మీద ఏత్తాను. అంతేనమ్మా." కొంచెం ఆగి, సిగ్గుపడుతూ అన్నాడు: "సచ్చిపోయినోడని నాకేటి తెల్సు? ఆ అచ్చులో సచ్చినోడికీ బతికినోడికీ తేడా లేదు."

నేను నమ్మలేదు. నమ్మే పుట్టుకా నాది? హాల్లోంచి రెండు పత్రికలు తెచ్చి నేల మీద కూర్చుని, కింద ఉన్న పేర్లు నేనే లెక్కపెట్టాను. ఆ రెండింటికీ ఆయన పెట్టిన గీతలతో పోల్చాను. ఒక్కటి కూడా తప్పలేదు. వెనక్కి తిప్పి పాత ఏళ్ళ మొత్తాలు వేసిన పేజీలు చూశాను. కొట్టేసినవి పోను, రెండేళ్ళూ పైనున్న పేర్లు, గ్లాసు తెచ్చిన పేర్లే. ఇక ఈ ఏటి పేజీ. పైన ఆ పోయినాయన. ఆయన్ని కొట్టేస్తే తర్వాత ఉన్నది ఎవరో చూశాను. నాలుగు రోజుల కిందట పేపర్లో ఫొటో పడిన మనిషే.

ఒళ్ళంతా చెమట పట్టింది. సిగ్గుతోనా అంటే, ముందు సిగ్గు కాదు, అసూయ. ఇన్నేళ్ళు చదివి, పరీక్షలు రాసి, పిల్లలకి పాఠాలు చెప్పి, ఈ చిన్నక్షరాలని నేను ఏనాడూ పట్టించుకోలేదు. కళ్ళు దాటిపోయేవి. ఒక పట్టాలు లెక్కపెట్టేవాడు వాటిలోంచే మొత్తం లాగేశాడు. ఆ తర్వాతే సిగ్గేసింది.

"సాయంత్రం ఇది చూపించు బాబాయ్" అని మాత్రం అని వచ్చేశాను. నేను చెబుతాను అనలేదు.

ఐదింటికి ఆయన పుస్తకం పట్టుకొచ్చి బల్లమీద పెట్టి, నాతో చెప్పినట్టే చెప్పాడు. కమిటీవాళ్ళు పేజీలు తిప్పారు. గీతలు తప్ప వాళ్ళకి ఏమీ కనపడలేదు. ప్రెసిడెంటుగారు నావైపు తిరిగారు. "అమ్మా, మా అందరిలో ఈ శాస్త్రం చదువుకున్నది మీరొక్కరే. మీరు ఎలా అంటే అలా. ఇలా గీతలు పెట్టుకుని ఆ బహుమతి ఎవరికో చెప్పడం కుదిరే పనేనా?"

అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. పొద్దున్న నా మాటకి నవ్వినవాళ్ళే. కుదురుతుందంటే, తలపిన్నుతో తాళం తీసిన నేను ఏమైపోతాను? ఫస్టు క్లాసు ఏమైపోతుంది?

"కుదరదండీ" అన్నాను.

తాళంచెవి ఇకమీద సెక్రటరీ దగ్గర ఉంటుందని రాసుకున్నారు. బాబాయ్ మొలతాడు ముడి విప్పలేక చాలాసేపు అవస్థపడ్డాడు, సెక్రటరీయే సాయం చేశాడు.

మర్నాడు పొద్దున్న బాబాయ్ కొడుకు సైకిలు మీద ట్రంకు పెట్టె కట్టుకొచ్చి మా గేటు దగ్గర ఆగాడు. వెనక బాబాయ్. తిట్టడానికి వచ్చాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది, దేవుడి సాక్షిగా చెబుతున్నాను.

"అమ్మా, ఒక్క మాట అడుగుదామని ఆగినాను" అన్నాడు. "నువ్వు సదువుకున్నదానివి. కుదరదంటే కుదరదే. నాకు తెలివి తక్కువ, ఇన్నాళ్ళూ ఏదో ఉన్నాదనుకున్నాను. మరి ఆ రెండేళ్ళూ ఎలా తగిలిందంతావు?"

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. నా మొహంలోకి చూస్తూ, నేను చెప్పేది నేర్చుకుందామని నిలబడ్డాడు.

"అదృష్టం బాబాయ్" అన్నాను.