నీళ్లు మారితే ఎముక విరగదు

ఆ ఆదివారం ఉదయం కెనడాలోని విండ్సర్‌లో నది పక్కన పరుగెత్తుతున్నాను. అవతలి ఒడ్డున డెట్రాయిట్ భవనాలు పొగమంచులో సగమే కనిపిస్తున్నాయి. వెనక్కి తిరిగాక కుడి గజ్జలో కలుక్కుమంది. ఆగలేదు. పరుగెత్తేవాళ్లకి నొప్పి కొత్త కాదు. ఏ నొప్పికి ఆగాలో, దేన్ని లెక్కచేయకూడదో మాకు తెలుసనే పొగరు కూడా కొంచెం ఉంటుంది. ఇంటికొచ్చి బామ్ రాసుకుని చర్చికి వెళ్లాను. పాటకి అందరూ లేచినప్పుడు నేను ముందు కుర్చీ పట్టుకుని నిలబడ్డాను.

నా పేరు కరుణ. మాది పాలకొల్లు. కాలేజీలో పదిహేను వందల మీటర్లు పరుగెత్తేదాన్ని. మాస్టర్స్ చదవడానికి ఇక్కడికి వచ్చాను. ఒకే ఏడాది ఇంతమంది తెలుగు పిల్లలు దిగడం తామెప్పుడూ చూడలేదని సీనియర్లు అనేవారు. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురు అమ్మాయిలం ఉండేవాళ్లం. నా గదిలో ఉండేది శ్రావణి, కరీంనగర్ అమ్మాయి.

శుక్రవారం ఉపవాసం నాకు చిన్నప్పటి నుంచి అమ్మతో పాటు అలవాటు. సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా ఏమీ తినం. శ్రావణికి శనివారం. పరాయి దేశంలో ఒంటరిగా ఆకలితో కూర్చోవడం ఎవరికైనా కష్టమే. అందుకని తన శనివారం నేను, నా శుక్రవారం తను ఉండేట్టు ఒప్పందం చేసుకున్నాం. దేవుళ్లు వేరైనా ఆకలి ఒకటే కదా అని నవ్వుకునేవాళ్లం. ఆదివారం పొద్దున్నే రన్నింగ్ క్లబ్ వాళ్లతో లాంగ్ రన్, అదీ ఖాళీ కడుపుతోనే. బరువు తగ్గాను, టైమింగ్ బాగుపడింది. క్లబ్‌లో అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే ఎవరికి చేదు?

అప్పటికే కొన్ని నెలలుగా నాకు పీరియడ్స్ లేవు. అమ్మకి ఫోన్‌లో చెప్పాను.

"నీళ్లు మారాయి కదమ్మా, ఒంటికి పడాలి. పైగా ఆ చలి ఒకటి. దానికే కంగారు పడతారా?" అంది.

మా ఇంట్లో దేనికైనా అదే కారణం. జుట్టు రాలినా నీళ్లే, మొటిమలు వచ్చినా నీళ్లే. అయినా అమ్మ ఊరుకోలేదు. అక్కడి డాక్టర్ని అడిగి పీరియడ్ రావడానికి మాత్రలు కొని, విండ్సర్ వస్తున్న ఒక అమ్మాయి సూట్‌కేసులో పంపింది. ఆవకాయతో పాటే వచ్చాయి. వేసుకుని ఆపగానే పీరియడ్ వచ్చింది. "చూశావా!" అంది అమ్మ. ఇద్దరం తేలికపడ్డాం. తర్వాత మళ్లీ రాలేదు. చదువు, కాఫీ షాపులో షిఫ్టులు, పరుగు. ఆ గొడవ లేకపోవడమే సుఖంగా అనిపించింది.

గజ్జ నొప్పికి వాక్-ఇన్ క్లినిక్‌కి వెళ్తే, "గ్రాయిన్ స్ట్రెయిన్, కొన్నాళ్లు రెస్ట్ తీసుకో, ఐబుప్రోఫెన్ వేసుకో" అన్నారు. తీసుకున్నాను. తగ్గింది. మళ్లీ పరుగెత్తాను, మళ్లీ వచ్చింది. జనవరిలో ఒకరోజు బస్సు దిగుతుంటే కుడికాలు నన్ను మోయలేదు. మంచులో కూలబడ్డాను. వెనకే దిగిన శ్రావణి నన్ను లేపింది.

"జారిపడ్డవా?"

"లేదే. కాలు నిలవట్లేదు."

"ఎన్ని దినాలు బామ్ రాస్తవే? నడువ్, హాస్పిటల్‌కి పోదాం" అంది.

ఎమర్జెన్సీలో చాలాసేపు కూర్చున్నాక ఎక్స్‌రే తీశారు. నార్మల్. నేను లేవబోతుంటే అక్కడి డాక్టర్ ఒంటికాలి మీద నిలబడమన్నారు. నిలబడలేకపోయాను. ఆయన నా చేతికి క్రచెస్, అంటే చంకకర్రలు, ఇచ్చి, ఎమ్మారైకి, స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కి రెఫర్ చేశారు.

స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్ నడివయసు ఆవిడ. నిదానంగా మాట్లాడే మనిషి. ఎమ్మారై చూపించి, "ఫీమరల్ నెక్ స్ట్రెస్ ఫ్రాక్చర్" అన్నారు. తుంటి దగ్గర తొడ ఎముక సన్నబడే చోట పగులు. "లోపలి వైపు ఉంది కాబట్టి సర్జరీ లేకుండా ప్రయత్నిద్దాం. ఆ కాలు మీద బరువు వేయకూడదు. పగులు గీత పెరిగితే మాత్రం స్క్రూలు వేయాలి." తర్వాత, "లాస్ట్ పీరియడ్ ఎప్పుడు?" అని అడిగారు.

మాత్రలతో వచ్చిన దాని సంగతి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "మాత్రలు ఆపాక వచ్చేది నీ శరీరం తెచ్చుకున్న పీరియడ్ కాదు. ఒకప్పుడు మేమూ ఇచ్చేవాళ్లం. అది చూసి అంతా బాగుందనుకునేవాళ్లు. ఎముక మాత్రం పలచబడుతూనే ఉంటుందని ఇప్పుడు తెలుసు."

డెక్సా స్కాన్‌లో ఎముక సాంద్రత నా వయసుకి తక్కువని తేలింది. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ తక్కువ, విటమిన్ డి తక్కువ, ఈస్ట్రోజెన్ తక్కువ. ఆవిడ దీనికి చెప్పిన పేరు రెడ్-ఎస్. పరుగుకి ఖర్చయ్యేదంతా పోగా, శరీరం తన పనులు చేసుకోవడానికి సరిపడా తిండి మిగలకపోవడం. అప్పుడు శరీరం ముందుగా పిల్లల్ని కనే పని ఆపేస్తుందట, తర్వాత ఎముకని కట్టుకునే పని. మొదట్లో ఇది ఆడవాళ్లకే అనుకునేవారనీ, ఇప్పుడు మగ అథ్లెట్లలోనూ చూస్తున్నారనీ చెప్పారు. నాకు అవేవీ సరిగ్గా ఎక్కలేదు. ముసలివాళ్లకి విరిగే చోట ఈ వయసులో నాకు విరిగిందన్న మాటే చెవుల్లో మోగింది. చాలా భయమేసింది.

"బాగా తిను. అదే మందు" అని పంపించారు.

తిన్నాను. అయితే ఫిబ్రవరిలో శ్రమకాలం మొదలైంది. ఈస్టర్ ముందు నలభై రోజులు మా ఇంట్లో అందరం సాయంత్రం దాకా ఉపవాసం ఉంటాం. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను మానలేదు. డాక్టర్ బాగా తినమన్నారు కాబట్టి, రాత్రికి రెండింతలు వండుకున్నాను. అన్నం, గుడ్లు, పప్పు, పాలు. పగటి భోజనం రాత్రికి మారిందంతే, మొత్తం తగ్గలేదు కదా అన్నది నా లెక్క. ఊళ్లో అమ్మ కూడా ఉపవాసం ఉంది. ఆ ఏడాది ప్రత్యేకంగా నా ఎముక అతకాలని.

మార్చి చివర మళ్లీ ఎమ్మారై. గీత తగ్గలేదు, కొంచెం పెరిగింది.

"ఇంకొంచెం పెరిగితే నేను సర్జన్‌ని పిలవాలి. తింటున్నావా?" అన్నారు డాక్టర్.

రాత్రి ఎంత తింటున్నానో గర్వంగా చెప్పాను. పగలు సంగతి అడిగితే శ్రమకాలం గురించి చెప్పాను. ఆవిడ నవ్వలేదు, విసుక్కోలేదు. "రోజు మొత్తంలో ఎంత తిన్నావన్నది ఒక్కటే కాదు. మధ్యలో శరీరం ఎంతసేపు ఖాళీగా ఉందన్నది కూడా ముఖ్యమని కొత్త పరిశోధనలు చెబుతున్నాయి" అన్నారు. "నీ విశ్వాసం గురించి మాట్లాడే హక్కు నాకు లేదు. ఎముక గురించి ఉంది. నువ్వు ఎందుకు తినడం లేదో ఎముకకి తెలియదు" అన్నారు.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. ముందు వేరే సంగతులన్నీ మాట్లాడాను. అమ్మ నాకోసం ఆకలితో ఉంటే నేను మధ్యాహ్నం కూర్చుని భోంచేయాలా? చివరికి చెప్పేశాను. ఉపవాసం మానితే గానీ ఎముక అతకదంటున్నారని, లేకపోతే స్క్రూలు వేస్తారని.

 

"జబ్బు మనిషి ఉపవాసం ఉండక్కర్లేదని సండే స్కూల్లో పిల్లలందరికీ నేనే చెప్తాను" అంది అమ్మ. "నీ దగ్గరికొచ్చేసరికి నీళ్లు, చలి అని ఏవేవో చెప్పాను. నువ్వు తినమ్మా. నీ ఉపవాసం కూడా నేనే ఉంటాలే."

ఆ మాటకి ఏడ్చాను. పక్కనే ఉన్న శ్రావణి ఏమీ అడగకుండా పెరుగన్నం కలిపి తెచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలు. శ్రమకాలంలో ఆ వేళకి నేను అన్నం తినడం జీవితంలో అదే మొదటిసారి. ముద్ద దిగడం కష్టంగానే ఉంది.

ఈస్టర్ దాటాక ఎమ్మారైలో గీత పలచబడింది. స్క్రూలు తప్పాయి. క్రచెస్ వదిలాక నడక, తర్వాత కొలనులో నడక, తర్వాత సైకిల్. వేసవి చివర్లో ఫిజియో ఒక నిమిషం పరుగెత్తనిచ్చింది, ఒక్క నిమిషమే. అక్టోబర్‌లో కాఫీ షాపులో షిఫ్ట్ మధ్యలో, ఏ మాత్రా లేకుండా పీరియడ్ వచ్చింది. వాష్‌రూమ్‌లో నిలబడి ఏడ్చి, శ్రావణికి ఫోన్ చేశాను. "పీరియడ్ వచ్చిందని ఏడ్చేదాన్ని నిన్నొక్కదాన్నే చూసిన" అంది. తనూ ఏడుస్తోందని గొంతులోనే తెలిసింది.

ఇప్పుడు పరుగెత్తుతున్నాను. ముందులా కాదు, తిన్నాకే. నాతోపాటు చదివే అమ్మాయిలకి, పరుగైనా జిమ్ అయినా ఆటైనా చేసేవాళ్లకి, ఒక్కటే చెబుతాను. మూడు నెలలు పీరియడ్ రాకపోతే నీళ్ల మీద, చలి మీద తోసేయకండి. సూట్‌కేసులో వచ్చిన మాత్రతో రప్పించుకోకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఏం తింటున్నారో, ఏ వేళకి తింటున్నారో కూడా చెప్పండి. ఉపవాసాలు సహా.

మళ్లీ శ్రమకాలం వచ్చింది. నా ఉదయం అమ్మకి సాయంత్రం, ఉపవాసం విడిచే వేళ. వీడియో కాల్‌లో ఎదురెదురుగా కంచాలు పెట్టుకుని కూర్చుంటాం. ప్రార్థన అయ్యాక నేను ఇడ్లీ తుంచుతాను. ఒక్కోరోజు క్లాసుకి ఆలస్యమవుతోందని లేవబోతే, అమ్మ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉంటుంది.

"ముందు నువ్వు తిను. నువ్వు తింటేనే నేను విడుస్తాను."