పెన్షనర్ల కాలనీలో మేం మోసిన పాడె

గవర్నమెంటు ఉన్నట్టుండి రిటైర్మెంటు వయసు తగ్గించిన ఏడు నా ఉద్యోగమూ అయిపోయింది. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని నేను. గ్రౌండు చుట్టూ పిల్లలతో సమానంగా పరుగెత్తే ఓపిక ఉండగానే శాలువా కప్పి ఇంటికి పంపేశారు. మా ఆయన అప్పటికే కరెంటాఫీసు పని ముగించుకుని, నరసరావుపేటలో వినుకొండ వైపు పెన్షనర్ల కోసం వేసిన కాలనీలో చిన్న ఇల్లు కట్టించారు. వానొస్తే చెప్పులు లాక్కునే నల్లమట్టి వీధులు, నాపరాళ్ళ గచ్చు ఇళ్ళు. డాబా ఎక్కితే కోటప్పకొండ కనిపించేది. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక పెద్ద జంట, కొన్నిచోట్ల ఒంటి మనుషులు.

కాలనీకి అసోసియేషన్ ఉంది కానీ ప్రెసిడెంటు లేడు. రిటైరైన తాసిల్దారుగారు, రిటైరైన స్టేషన్ మాస్టారుగారు ఇద్దరూ ఆ కుర్చీ తమదేననుకున్నారు. అందువల్ల ప్రతి మీటింగూ కేకలతో మొదలై అలకలతో ముగిసేది.

మేం దిగిన కొత్తలో ఒకరోజు నీళ్ళ ట్యాంకరు వచ్చింది. బిందెలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. తాసిల్దారుగారు ఒక పక్కనుంచి, స్టేషన్ మాస్టారు మరో పక్కనుంచి హుకుంలు జారీ చేస్తున్నారు. వినేవాళ్ళు లేరు. నేను ఇంట్లోకెళ్ళి ఈల తెచ్చి ఊదాను. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"రెండు లైన్లు! మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందుకి!" అన్నాను.

ట్యాంకరు వెళ్ళేసరికి అందరి బిందెలూ నిండాయి. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు.

ఆ మధ్యాహ్నం కండక్టరుగారు మా ఇంటికొచ్చారు. ఉద్యోగమంతా మాచర్ల రూటు బస్సుల్లో తిరిగిన మనిషి. ఆజానుబాహువు, గొంతు అంతకంటే పెద్దది. పిల్లలు లేరు, భార్యాభర్తలిద్దరే.

"అక్కయ్యా, నువ్వు ప్రెసిడెంటువి, నేను సెక్రటరీని. నువ్వు ఊ అను, మిగతాది నే చూసుకుంటా" అన్నాడు.

నాకు వద్దనాలని అనిపించలేదు. అన్నేళ్ళు వందలమంది ఆడపిల్లల్ని ఎండలో నిలబెట్టి నడిపించినదాన్ని, ఈ కొద్ది ఇళ్ళను నడపలేనా అనుకున్నాను. తర్వాతి మీటింగులో ఓటు పెడితే తాసిల్దారుగారు, స్టేషన్ మాస్టారు ఇద్దరూ నాకే చేతులెత్తారు. ఆ కుర్చీ రెండోవాడికి దక్కకపోతే చాలు వాళ్ళకి.

ఇక మీటింగు ఉన్నప్పుడల్లా కండక్టరుగారు వీధి మొదట్లో నిలబడి, బస్సులో స్టాపులు చెప్పినట్టు ఇళ్ళ పేర్లు పిలిచేవాడు. "తాసిల్దారుగారిల్లు... నర్సమ్మగారిల్లు... స్టేషన్ మాస్టారిల్లు... దిగాలి దిగాలి!" అందరూ బయటికొచ్చాక "రైట్ రైట్!" అనేవాడు. నవ్వుకుంటూ వచ్చిన మనుషులు పోట్లాడుకోవడం కష్టం. వీధి దీపాలు తెప్పించాం, గుంటలు పూడ్పించాం. పిల్లల్ని అదిలించినట్టు పెద్దవాళ్ళని అదిలిస్తే కుదరదని మా ఆయన హెచ్చరించారు. చక్కగా కుదిరింది.

మరుసటి ఎండాకాలంలో ఒక ఉదయం, అరుగు మీద పేపరు చదువుతూ చదువుతూ కండక్టరుగారు పక్కకి ఒరిగిపోయాడు. నర్సమ్మగారు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని చూసింది. ఆమె పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కాలనీలో అదే మొదటి చావు.

మధ్యాహ్నానికి మాచర్లనుంచి మేనల్లుడు వచ్చాడు. మందుల షాపులో పనిచేసే బక్కపల్చటి మనిషి. తలకొరివికి అతనున్నాడు. పాడె కట్టించారు, పురోహితుడు వచ్చాడు. అంతా సిద్ధమయ్యాక అందరూ మొహాలు చూసుకోవడం మొదలుపెట్టారు. మోసేదెవరు?

తాసిల్దారుగారికి గుండె జబ్బు. స్టేషన్ మాస్టారికి హెర్నియా ఆపరేషనై నెల కాలేదు. మా ఆయనకి ఉబ్బసం. మిగతా మగవాళ్ళలో ఒకరికి నడుము, ఒకరికి చూపు. శ్మశానం రైలు గేటుకి అవతల, దగ్గరేం కాదు. పైగా పోయింది భారీ మనిషి.

"కూలోళ్ళని మాట్లాడదాం. బస్టాండు కాడ దొరుకుతారు" అన్నారు తాసిల్దారుగారు.

లోపలినుంచి కండక్టరుగారి భార్య వచ్చింది. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. "కూలికి మోయిస్తారా అన్నయ్యా ఆయన్ని? చానామందిని చేయిపట్టి బస్సెక్కించాడే. ఆయనకి అయినోళ్ళు లేరా ఈడ?" అంది.

నేను మగవాళ్ళ వైపు చూడటం మానేసి ఆడవాళ్ళ వైపు చూశాను. నర్సమ్మగారివి రోగుల్ని ఎత్తి దించిన చేతులు. బొల్లాపల్లినుంచి వచ్చిన మునసబుగారి భార్య పొలంలో గడ్డిమోపులు మోసిన మనిషి. వెనకింటి టీచరమ్మకి, నాకు ఏ రోగమూ లేదు. ఇంకా నలుగురైదుగురు గట్టివాళ్ళే కనిపించారు.

"మేం మోస్తాం" అన్నాను.

"ఏందమ్మా ఇది? ఆడోళ్ళు పాడె మొయ్యడమేంది? ఊళ్ళో ఏమనుకుంటారు?" అన్నారు తాసిల్దారుగారు.

"ఊళ్ళోవాళ్ళని మోయమనండి, మేం తప్పుకుంటాం" అన్నాను.

పురోహితుణ్ణి అడిగాను. "మొయ్యమని నా నోటితో చెప్పలేనమ్మా. మొయ్యొద్దని చెప్పడానికీ నోరు రావటంలా. పొద్దుపోతోంది, కానీయండి" అన్నాడు.

నాకు అంతకంటే అనుమతి అక్కర్లేదు. పొడుగును బట్టి జతలు విడగొట్టాను. ముందు ఒకే ఎత్తు ఇద్దరు, వెనక ఒకే ఎత్తు ఇద్దరు. మారడానికి ఇంకో నలుగురు పక్కన నడవాలి. కొంగులు నడుముకి బిగించమన్నాను. మేనల్లుడు నిప్పుకుండ పట్టుకుని ముందు నిలబడ్డాడు. ఈల తేలేదు, అది ఈల ఊదే చోటు కాదు. నోటితోనే లెక్క చెప్పి ఎత్తించాను. బరువు భుజం మీద పడగానే ఒక్క క్షణం ఊపిరాగినట్టయింది. అడుగు ఎవరు ముందు వేయాలో తెలియక నిలబడిపోయాం.

అప్పుడు కండక్టరుగారి భార్య, ఏడుపు ఆపుకుంటూ, పాడెమీద చెయ్యి వేసి, "రైట్... రైట్..." అంది.

కదిలాం.

వినుకొండ రోడ్డెక్కేసరికి జనం ఆగి చూడసాగారు. కొట్ల ముందు నిలబడినవాళ్ళు ఏదో అనుకుంటున్నారు. నేను ఎవరి మొహమూ చూడలేదు. ఎడమ, కుడి అని మెల్లగా చెబుతూ అడుగులు కలుపుతున్నాను. ఎదురుగా నాపరాళ్ళ లోడుతో వస్తున్న లారీ ఆగింది. పైన కూర్చున్న క్వారీ పనివాళ్ళు తలగుడ్డలు విప్పుకుని కిందికి దిగారు.

వాళ్ళలో ఒకడు దగ్గరికొచ్చి, "అమ్మా, ఇటియ్యండి, మేం మోస్తాం. మగోళ్ళు లేరా మీకు?" అన్నాడు.

"ఉన్నారు నాయనా, పెద్దవాళ్ళు. నువ్వొచ్చి వెనక పట్టు. ముందు మేమే ఉంటాం" అన్నాను.

వాళ్ళు వెనక భుజమిచ్చారు. అంతవరకు వెనక మోసిన నర్సమ్మగారూ మునసబుగారి భార్యా ముందుకొచ్చి నాతోనూ టీచరమ్మతోనూ భుజాలు మార్చుకున్నారు.

రైలు గేటు దగ్గరికొచ్చేసరికి గూడ్సు వస్తోందని గేటు వేసేశారు. దారిలో పాడె దించి, పోయినవాళ్ళని చివరిసారి పేరుపెట్టి పిలిచే ఆనవాయితీ ఎలాగూ ఉంది. అక్కడే దించమన్నాను. మేనల్లుడు చెవి దగ్గర వంగి "మావయ్యా" అని పిలిచాడు. కండక్టరుగారి భార్య కూడా వంగింది. ఏం పిలిచిందో గూడ్సు చప్పుడులో మాకెవరికీ వినిపించలేదు. ఎదురుచూపు ఎక్కువవుతుందేమోనని, అంతవరకు వెనక నడిచి వచ్చిన స్టేషన్ మాస్టారు గేటువాడి దగ్గరికి పోయి మాట్లాడారు. రైలు దాటీదాటగానే గేటు లేచింది. తాసిల్దారుగారు రోడ్డు మధ్య నిలబడి, చేతికర్ర అడ్డంపెట్టి, మేం దాటేదాకా రెండువైపులా బళ్ళని ఆపారు. ఆయన మొహంలో కోపం అలాగే ఉంది. కర్ర మాత్రం దించలేదు.

ఇంటికొచ్చి తలమీద నీళ్ళు పోసుకుంటుంటే భుజం కమిలి కనిపించింది. మా ఆయన కొబ్బరినూనె రాస్తూ, "నొప్పిగా ఉందా?" అన్నారు. "లేదు" అన్నాను. ఉంది. కానీ ఆ రోజు నా ఒంటి గురించి నాకు గర్వంగా ఉంది, దాచుకోవడం దేనికి?

ఊళ్ళో కొన్నాళ్ళు మాటలనుకున్నారు. మా చుట్టాలావిడ ఒకరు పనిగట్టుకుని వచ్చి దెప్పిపోయింది. తర్వాతి మీటింగులో తాసిల్దారుగారు లేచి, ఆ రోజు జరిగింది తనకి నచ్చలేదని చెప్పారు. చెప్పి, గొంతు సవరించుకుని, "అయితే ఇక ముందు ఎవరింట్లో జరిగినా ఎవరు భుజమిస్తామంటే వాళ్ళని ఇయ్యనీయాలి. ఆడామగా తర్కం వద్దు" అన్నారు. స్టేషన్ మాస్టారు వెంటనే బలపరిచారు. ఆ ఇద్దరిలో ఒకరన్న మాటని ఇంకొకరు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు.

పెద్దకర్మ అయ్యాక మేనల్లుడు తన అత్తని మాచర్ల తీసుకుపోతానన్నాడు. మంచి కుర్రాడు, మనసుపెట్టే అడిగాడు. ఆమె అతనికి అన్నం వడ్డిస్తూ, "నేనీణ్ణే ఉంటాన్రా. పండక్కి వస్తాలే. ఈడ నాకు చానామంది వదినెలున్నారు" అంది.

అలాగే ఉండిపోయింది. సెక్రటరీగా ఆమెనే పెట్టుకున్నాం. భర్తలా గొంతెత్తి పిలవడం ఆమెకి చేతకాదు. ఇంటింటికీ వెళ్ళి, గడపలో కూర్చుని, మీటింగు సంగతి చెప్పి, వాళ్ళ కష్టసుఖాలు విని వచ్చేది. అందువల్ల మీటింగుకి ముందే సగం తగాదాలు ఆమె దగ్గరే తెమిలిపోయేవి. ఆ వానాకాలం మేమిద్దరం కలిసి, వీధుల్లో నీళ్ళు నిలవకుండా మురుగుకాలవ పని పట్టాం.