వెనక సీటులో కోపం

చక్రాన్ని ఎవరు కనిపెట్టారో చరిత్రకు తెలియదు. ఆ చక్రాల మీద ఒక పెట్టె బిగించి, ఆ పెట్టెలో వెనక సీటు మీద కోపాన్ని కూర్చోబెట్టి, దానికి బెల్టు పెట్టిన మొట్టమొదటి మానవుడు ఎవరో మాత్రం నాకు బాగా తెలుసు. ఆయన మా మామయ్య. చరిత్రకారులు ఈ సంగతిని ఇంతవరకు పట్టించుకోలేదు. వాళ్ళ పనులు వాళ్ళకుంటాయి కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

మామయ్యది డ్రైవింగ్ స్కూలు. స్కూలంటే ఇంటి ముందుగది, గదిలో ఒక బల్ల, బల్ల వెనక అత్తయ్య, బయట ఒక పాత తెల్ల కారు. కారుకు రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, ఇంకొకటి మామయ్య కాలి కింద. మొదటిది అలంకారానికి, రెండోది ప్రాణానికి అని అత్తయ్య చేరేవాళ్ళందరికీ ముందే చెప్పేది.

ఒకప్పుడు ఆ బండిలో మరో యంత్రం కూడా ఉండేది. అది మామయ్య గొంతు. ఆయన "క్లచ్" అని అరిస్తే పక్కవీధిలో పోయేవాళ్ళు కూడా క్లచ్ నొక్కేవారు. "అద్దం పెట్టింది తల దువ్వుకోడానికి కాదు" అన్నది ఆయన మామూలు పలకరింపు. ఒక ఉదయం బ్యాంకు గుమాస్తా ఒకాయన నాలుగు రోడ్ల కూడలి మధ్యలో కుడికి తిప్పబోయాడు. "ఎడమంటే ఏ వైపో తెలీదా నీకు?" అని మామయ్య గర్జించాడు. గుమాస్తా బండి ఆపి, తలుపు తీసి, దిగి, సరిగ్గా ఎడమవైపుకే నడిచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం అత్తయ్య బల్ల వెనక నుంచి లేచింది.

"చూడండీ, ఈ మధ్య మన బండి ఎక్కినవాళ్ళ కంటే దిగి వెళ్ళిపోయినవాళ్ళే ఎక్కువ. ఎలా కుదిరిందో నాకూ అర్థం కావట్లేదు."

"కోపం వస్తుందే. నేనేం చెయ్యను?"

"రానివ్వండి. వచ్చినప్పుడల్లా నోట్లోంచే పంపాలా?"

ఊరి చివర ఒక బౌద్ధ ధ్యాన కేంద్రం ఉంది. అక్కడ శిబిరంలో చేరినవాళ్ళు మాట్లాడకూడదని తెలిసిన క్షణంలోనే అత్తయ్య ఆయన పేరు ఇచ్చేసింది. ఆయన్ని అడగడం ఆ తరువాత జరిగింది.

అక్కడి భిక్షువు సన్నటి మనిషి, మాట అంతకన్నా సన్నం. మామయ్య గోడు మొత్తం విని ఆయన చెప్పింది ఇంతే: "కోపం వచ్చినప్పుడు తరమకండి. దాని వెంటా పోకండి. వచ్చిందని గుర్తించండి. ఒంట్లో ఎక్కడుందో చూడండి. కాస్త చోటివ్వండి. అదే పోతుంది."

మిగతావాళ్ళంతా మనసులో చోటిచ్చారు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి బళ్ళలోనే బతికిన మామయ్యకు చోటు అన్న మాటకు ఒకటే అర్థం. సీటు.

శిబిరం నుంచి వచ్చాక మొదటి పాఠం ఒక దర్జీ ఆవిడకు. ఆవిడ క్లచ్ నొక్కకుండా గేరు మార్చింది. బండి ఆర్తనాదం చేసింది. మామయ్య ముఖం కందగడ్డ అయింది. ఆవిడ భుజాలు ముడుచుకుని, కళ్ళు మూసుకుని, తిట్ల కోసం ఎదురుచూసింది. ఎంతకీ రాకపోయేసరికి ఒక కన్ను తెరిచి చూస్తే, మామయ్య వెనక్కి వంగి ఖాళీ సీటుకు బెల్టు పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నారు మాస్టారూ?"

"కోపం వచ్చిందమ్మా. కూర్చోబెడుతున్నా. మీరు పోనివ్వండి."

"అది కూడా మనతో వస్తుందా?"

"వస్తుంది. దారిలో ఎక్కడో దిగిపోతుంది. స్టీరింగు మాత్రం దానికి ఇవ్వకూడదు."

ఆవిడ ఆ పూట వెనక అద్దం చూసినంత శ్రద్ధగా ఆ స్కూల్లో ఎవరూ ఏనాడూ చూడలేదు.

ఇందులో మన భాష తప్పు కూడా కొంత ఉంది. తెలుగులో మనిషికి కోపం వస్తుంది. నవ్వూ ఏడుపూ కూడా వస్తాయి. దిగులు పట్టుకుంటుంది. అసూయ పుడుతుంది. భయం మాత్రం వేస్తుంది. ఎవరు వేస్తారో, ఎక్కడినుంచి వేస్తారో వ్యాకరణం చెప్పదు. మామయ్య వీటన్నిటినీ ప్రయాణికుల కింద జమకట్టాడు. కోపం స్టాపులో నిలబడి ఎక్కుతుంది. దిగులు కదిలే బండి వెంట పరుగెత్తి తలుపు పట్టుకుంటుంది. అసూయ బండిలోనే పుడుతుంది కాబట్టి దానికి టికెట్టు అడగలేం. భయాన్ని ఎవరో కిటికీలోంచి లోపలికి వేసి పోతారు. ఏది ఎలా చేరినా చోటు ఒకటే, వెనక సీటు.

ఒకసారి ఒక శిష్యురాలి తండ్రి, కూతుర్ని నమ్మకో మామయ్యను నమ్మకో, తానూ వస్తానని వెనక ఎక్కాడు. మార్కెట్ దగ్గర ఆ పిల్ల వరసగా మూడు ఆటోలకు దారిచ్చి, నాలుగో ఆటోకు కూడా ఇచ్చింది. మామయ్య వెనక్కి తిరిగి మర్యాదగా అన్నాడు.

"కొంచెం జరగండి, చిరాకు ఎక్కుతోంది."

ఆయన జరిగాడు. రెండు వీధులు దాటాక ఆయనే అడిగాడు. "దిగిందాండీ? కాళ్ళు చాపుకుందామని."

ఇంట్లో వెనక సీటు లేదు కాబట్టి సోఫా చివర ఆ హోదా పొందింది. అత్తయ్య దీనికీ అలవాటు పడిపోయింది.

"మీ కోపాన్ని కాస్త లేవమనండి, ఉతికిన బట్టలు పెట్టాలి."

"ఇప్పుడే వచ్చిందే."

"అయితే బాల్కనీలో నిలబడమనండి. గాలి తగిలితే చల్లబడుతుంది."

ఇదంతా ఊరు నవ్వుకుని ఊరుకునేదే. మామయ్య పరువు తీసింది భయం. "ఆగండి, నాకు భయం వేసింది" అని ఆయన పాఠానికోసారైనా అనేవాడు. మలుపులో అనేవాడు, వంతెన మీద అనేవాడు, ఖాళీ మైదానంలో కూడా అనేవాడు. డ్రైవింగ్ నేర్పే మనిషే బండిలో భయపడతాడన్న వార్త ఊరంతా పాకి, ఆయనకు పిరికి మాస్టారు అన్న బిరుదు స్థిరపడింది. ఎదురు వీధిలో స్కూలు పెట్టినాయన తన బోర్డు కింద 'ధైర్యవంతులచే శిక్షణ' అని కొత్తగా రాయించాడు. మామయ్య అది చదివిన రోజు సోఫా చివర చాలాసేపు ఎవర్నీ కూర్చోనివ్వలేదు.

ఇలా ఉండగా మా పిన్నికి అవసరం పడింది.

పిన్ని మామయ్యకు చెల్లెలు. కొండ మీద ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆ కొండ మీది తల్లులు డాక్టరు మాటైనా కాదంటారేమో గాని పిన్ని మాట కాదనరు. సూది చూసి పారిపోయే పిల్లలు పిన్నిని చూస్తే చొక్కా చెయ్యి వాళ్ళే మడుచుకుంటారు. అలాంటి కొండకు బస్సు ఆపేశారు. సొంత బండి మీద రాగలిగితేనే ఆ ఉద్యోగం, లేకపోతే నెలాఖరు తరువాత పెద్దాసుపత్రి రికార్డుల గదికి బదిలీ అని పైవాళ్ళు చెప్పేశారు. "కాగితాలకు జ్వరాలు రావు. అక్కడ నేనేం చెయ్యాలి?" అంది పిన్ని. కారు కొనేసింది. డ్రైవింగ్ కూడా నేర్చుకుంది, అన్నయ్య దగ్గర కాదు, ధైర్యవంతుల దగ్గర.

పరీక్షలో ఒక ఎత్తు ఉంటుంది. బండిని దాని నడుమ ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ పైకి కదిలించాలి. పిన్ని కదిలించింది. బండి మాత్రం వెనక్కి కదిలి, కింద నిలిపి ఉన్న పరీక్షాధికారి స్కూటరును పడుకోబెట్టింది. స్కూటరుకు పెద్దగా ఏమీ కాలేదు. పిన్నికే అయింది. అప్పటినుంచి ఎత్తు కనబడితే చాలు, రక్తం చూసి చలించని మనిషికి మోకాళ్ళు వణికేవి.

నెలాఖరు దగ్గరపడ్డాక పిన్ని ముందుగదిలోకి వచ్చి కుర్చీ లాక్కుంది.

"అన్నయ్యా, నాకు లైసెన్సు కావాలి. నీ ధ్యానాలూ, నీ వెనక సీటు చుట్టాలూ నాకొద్దు. బండి నేర్పు చాలు."

"సరే."

"నాకేం భయం లేదు."

"నేనేమైనా అన్నానా?"

"అనబోయావు." తరువాత నా వైపు తిరిగింది. "నువ్వు కూడా రారా. ఈయన భయపడి మధ్యలో దిగిపోతే చెప్పడానికి సాక్షి ఉండాలి."

అలా నేను మొట్టమొదటిసారి ఆ చారిత్రక స్థలంలో కూర్చున్నాను. స్ప్రింగు ఒకటి గుచ్చుకుంటోంది. అంతమంది ప్రయాణం చేశాక గుచ్చుకోదా మరి.

నీళ్ళ ట్యాంకు పక్కనున్న ఎత్తు మీద మామయ్య బండి ఆపించాడు. పిన్ని గేరు మీద చెయ్యి వేసింది. చెయ్యి గేరును కదిలిస్తోందా, గేరు చెయ్యిని కదిలిస్తోందా తెలియడం లేదు. పెదవులు మాత్రం గట్టిగా బిగించి ఉన్నాయి. వెనక ఒక లారీ వచ్చి హారన్ మొదలుపెట్టింది.

"ఆగు," అన్నాడు మామయ్య. "నాకు భయం వేసింది."

"నీకెందుకు?"

"నువ్వు నడుపుతున్నావు కదా."

"సిగ్గు లేదూ చెప్పుకోడానికి?"

"సిగ్గు ఇంకా ఎక్కలేదు. ఇది భయమే. పొట్టలో ఉంది, పిడికిలంత, చల్లగా." ఆయన కిటికీలోంచి నీళ్ళ ట్యాంకును చూస్తూ తీరిగ్గా చెబుతున్నాడు. "కాసేపు చూస్తే ఏమవుతుందో చూద్దాం. నీకేం లేదు కదా?"

"నాకేం లేదు." లారీ మళ్ళీ మోగింది. "మోకాళ్ళు కాస్త."

"మోకాళ్ళకేం?"

"వణుకు."

"పెరుగుతోందా, తగ్గుతోందా?"

పిన్ని నిజంగానే చూసుకుంది. రోగి నాడి పట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ఆమె ముఖం. "తగ్గుతోంది. ఉండు, మళ్ళీ వస్తోంది."

"రానీ. తొందర లారీవాడికి, మనకు కాదు."

"తగ్గింది." ఒక పెద్ద ఊపిరి వదిలింది. "మొత్తం పోలేదు."

"పోనక్కర్లేదు. కూర్చోమను."

పిన్ని అద్దంలో నన్ను చూసింది. "దానికి బెల్టు పెట్టు."

పెట్టాను. బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా ఎత్తు ఎక్కింది. ఆమె ఆనందం పట్టలేక అదే ఎత్తు మళ్ళీ మళ్ళీ ఎక్కింది. ఎక్కే ప్రతిసారీ మామయ్యకే ముందు భయం వేసింది.

తిరిగి వస్తుంటే కూరగాయల మార్కెట్ దగ్గర ఒక వ్యాను సైగ చెయ్యకుండా సూటిగా మా మీదికి వచ్చింది. నేను ముందు సీటు పట్టుకున్నాను. మామయ్య తన బ్రేకు నొక్కాడు, వ్యాను వెళ్ళాక కాలు తీశాడు. మధ్యలో ఆయన మాట ఆగలేదు. వైపర్ రబ్బరు మార్చాలని చెబుతున్నాడు. భయం ఊసే లేదు.

పిన్నిని దింపాక అడిగాను.

"మామయ్యా, వ్యాను మీదికొస్తే నీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకూ, బ్రేకుంది కదా."

"ఎత్తు మీద కూడా ఉంది కదా. అక్కడ ఎందుకు వేసింది?"

మామయ్య అద్దం సర్దుకున్నాడు. అది సరిగ్గానే ఉంది.

"బండిలో భయం వేసింది. తనకు వేసిందని ఎవరో ఒకరు ఒప్పుకోవాలా వద్దా? నీకు భయం వేసిందని మీ పిన్నితో అంటే దాని మొండితనానికి అక్కడే దిగి పోతుంది. నాకు వేసిందంటే ఏం పోయింది? అప్పుడు తనది తనే చూసుకుంటుంది."

"మలుపుల్లో, వంతెన మీద, మైదానంలో?"

"ఆ దర్జీ ఆవిడకు వంతెనంటే పడదు. బ్యాంకు గుమాస్తాకు..." అంటూ ఆగాడు. "ఆయనకు అప్పట్లో నేనంటేనే పడేది కాదు."

"ఊరంతా నిన్ను పిరికివాడంటోంది."

"అనుకోనీ. నేర్చుకున్నవాళ్ళు బళ్ళు నడుపుకుంటున్నారు కదా."

"మరి ఆ కోపాలు?"

"అవి మాత్రం సొంతవే," అన్నాడు మామయ్య కొంచెం నొచ్చుకుని.

పరీక్ష రోజు అధికారి తన స్కూటరును మైదానం అవతల, చెట్టు వెనక పెట్టుకున్నాడు. పిన్ని పక్కన కూర్చున్నాడు. మేము కంచె బయట. బండి మలుపులన్నీ తిరిగి, ఎత్తు ఎక్కి, నడుమ ఆగింది. ఆగి అలాగే ఉండిపోయింది.

"నాకు భయం వేసింది," అన్నాడు మామయ్య.

"ఇది ఎవరిది?" అన్నాను.

"ఇది నాదే." ఆయన నా మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

లోపల ఏం జరిగిందో తరువాత పిన్ని చెప్పింది.

"ఏమైందమ్మా?" అని అధికారి అడిగాడట.

"నాకు భయం వేసింది సార్. మోకాళ్ళలో ఉంది. ఒక్క క్షణం చూసుకుని కదుల్తాను."

ఆయన తలుపు పిడి గట్టిగా పట్టుకుని, "నిజం చెప్పాలంటే నాకూ వేస్తోందమ్మా," అన్నాడట.

"మీరు కూడా ఎక్కడుందో చూసుకోండి సార్. తొందరేం లేదు."

ఇద్దరూ చూసుకున్నారు. ఆ తరువాత బండి వెనక్కి జారలేదు. నెమ్మదిగా, నీరు నిండినట్టు, పైకి వెళ్ళిపోయింది. మామయ్య నా మణికట్టు వదిలి, ముక్కు చీది, దుమ్ము ఎక్కువగా ఉందన్నాడు.

పిన్ని పాసైంది. కొండ మీద ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ ఎత్తులన్నీ తనే నడుపుకుంటూ ఎక్కుతుంది. బండిని వెనక్కి తీయడం మాత్రం ఇంకా సరిగ్గా రాదు. సాయంత్రం అక్కడి వాచ్‌మన్ దాన్ని ఇంటి వైపు తిప్పి పెడతాడు.