తిరిగి విసిరిన బంతి

డిగ్రీ వచ్చేసింది. ముందు ఆ మాట చెప్పేస్తే గానీ నాకు ఊపిరాడదు. మా పుట్టింటి వైపు ఇంతవరకూ ఎవరికీ లేని డిగ్రీ, అకౌంటింగ్‌లో, నలభై దాటాక నాకు వచ్చింది. పొద్దున గ్రేడ్లు చూసుకుని వంటింట్లో ఒక్కదాన్నే రెండు చేతులూ పైకెత్తి గెంతాను. ఈలోగా పాలు పొంగి స్టవ్వంతా పాడైంది. శుభమే అనుకుని తుడుచుకున్నాను. మధ్యాహ్నం కాలేజీ నుంచి ఇంకో ఈమెయిల్ వచ్చింది. క్యాంపస్‌లో గ్రౌండ్ బాగుచేస్తున్నారట, అందుకని ఈసారి కాన్వొకేషన్ బేస్‌బాల్ స్టేడియంలో పెడుతున్నారట. పట్టా తీసుకునేవాళ్ళం కింద గడ్డి మీద వేసిన కుర్చీల్లో కూర్చోవాలి, మా వాళ్ళంతా పైన గ్యాలరీలో. ఏ స్టేడియమో చదవగానే నా చెవులు వేడెక్కాయి. అప్పటికే బావగారికి ఫోన్ చెయ్యబోతున్నదాన్ని, ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టేశాను.

ఆ స్టేడియానికి నేను ఒక్కసారే వెళ్ళాను, మా అక్కాబావలతో. వాళ్ళుండేది దక్షిణాన వేరే రాష్ట్రంలో, మోరిస్‌విల్‌లో. ఆ రాష్ట్రంలో పెద్ద లీగు టీమే లేదు, అయినా బావగారికి బేస్‌బాల్ పిచ్చి. అమెరికా వచ్చిన కొత్తలో ఎవరూ తెలియని ఒక ఊళ్ళో ప్రాజెక్టు చేశారు. అక్కడ సాయంత్రాలు టీవీలో ఆ ఊరి టీమే ఆయనకి తోడు. ప్రాజెక్టు అయిపోయింది, తర్వాత ఉద్యోగాలు మారాయి, వీసాలు మారాయి, టీమును మాత్రం ఆయన మార్చలేదు. అది ఎక్కువగా ఓడిపోయే టీము. గెలిచేవాళ్ళకి మనమెందుకు, వాళ్ళకి జనం ఉంటారుగా అనేవారు. వేసవిలో అందరూ నయాగరాకి వెళ్తే, వీళ్ళు ఆ టీము ఏ ఊళ్ళో ఆడుతుంటే ఆ ఊరు వెళ్ళేవాళ్ళు. దేవుళ్ళ కోసం ఊళ్ళు తిరిగేవాళ్ళని చూశాను గానీ ఓడిపోయేవాళ్ళ కోసం తిరిగేది ఈయనొక్కరే అని అక్క పులిహోర డబ్బా సర్దుతూ సణిగేది.

ఆయన దగ్గర ఒక తోలు గ్లవ్ ఉండేది. తోలు మెత్తగా ఉండాలని దానికి ఆముదం రాసేవారు. మా ఇంటికి వాళ్ళ కారు వచ్చిందంటే డిక్కీ తెరవగానే ముందు పులిహోర వాసన, దాని వెనకాలే ఆముదం వాసన. ఎన్నో స్టేడియాలు తిరిగారు, అన్నిచోట్లా దాన్ని ఎడమ చేతికి తొడుక్కునే కూర్చున్నారు. నేను మాత్రం అది దీక్షలో ఉన్నవాళ్ళ మాలలాంటిదనుకున్నాను. మ్యాచ్‌కి వెళ్తూ దారి పొడుగునా నాకు ఆట నియమాలన్నీ చెప్పారు. ఆ గ్లవ్ ఎందుకో మాత్రం చెప్పలేదు, అది అందరికీ తెలిసిందే కదా అనుకుని ఉంటారు.

ఆ రోజు మా సీట్లు మైదానం చివర, గోడ వెనకాల. చుట్టూ అందరిదీ ఇక్కడి టీము రంగే, మధ్యలో బావగారొక్కరూ బూడిదరంగు జెర్సీలో. ఎండకి కాలే ప్లాస్టిక్ సీట్లు, వేగుతున్న ఉల్లిపాయల వాసన, చెప్పులకి అంటుకునే బీరు. ముందు వరసలో ఒక గడ్డపాయన వెనక్కి తిరిగి, ఏడవడానికి రుమాలు తెచ్చుకున్నావా అని బావగారిని ఏడిపిస్తున్నాడు, బావగారు నవ్వుతున్నారు. మా ఆయన కూల్‌డ్రింక్ క్యూలో ఉన్నారు. అసలు సంగతి చూడలేకపోయానని ఇప్పటికీ బాధపడతారు.

బావగారి టీమువాడు కొట్టాడు. బంతి మా మీదికే వస్తోంది. బావగారు లేచి నిలబడి గ్లవ్ పైకెత్తారు. బంతి గ్లవ్ వేళ్ళ చివర తగిలి, జారి, దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది.

ఇక్కడ నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. తెనాలిలో మా ఇల్లు హైస్కూల్ గ్రౌండ్‌కి ఆనుకుని ఉండేది. సాయంత్రమైతే క్రికెట్ బంతులు గోడ దాటి వచ్చి పడేవి, ఒక్కోసారి పప్పు గిన్నెలో కూడా. ఒకసారి దాచుకోబోతే నాయనమ్మ చెవి మెలేసింది. "మన వాకిట్లో పడితే మనదైపోతుందా? ఇచ్చెయ్." రోజూ ఆ గోడ మీద నుంచి విసిరీ విసిరీ నా చెయ్యి బాగా తిరిగింది. టీవీలో క్రికెట్ చూసినా అంతే కదా, సిక్సర్ వచ్చి పడితే జనం బంతి తిరిగి ఇచ్చేస్తారు.

బావగారు వంగేలోపు తీసి విసిరేశాను.

బంతి ఎక్కడో గడ్డి మధ్యలో పడింది. స్టేడియమంతా ఒక్కసారి హోరెత్తిపోయింది. గడ్డపాయన నా చేతికి చెయ్యి కొట్టాడు, వెనకవాళ్ళు భుజాలు తట్టారు. ఎదురుగా పెద్ద తెర మీద నేనే, చుడీదార్‌లో. నా మర్యాదకి ఇంతమంది మెచ్చుకుంటున్నారనుకున్నాను. రెండు చేతులూ పైకెత్తి గెంతాను. అంతటితో ఊరుకోకుండా నాలుగు వైపులా తిరిగి నమస్కారాలు కూడా పెట్టాను.

అప్పుడు మా అమ్మాయి మూడో క్లాసు. టోపీ ముక్కు దాకా లాక్కుని నా దుపట్టా పట్టుకుంది. "అమ్మా, సిట్ డౌన్. అది పెదనాన్న టీమ్ బాల్. హోమ్‌రన్ బాల్ ఎవరు తీసుకుంటే వాళ్ళదే. అవతల టీమ్‌ది మాకు వద్దు, చెత్త అని వీళ్ళు వెనక్కి త్రో చేస్తారు. నువ్వు అదే చేశావ్. అందుకే వీళ్ళు హ్యాపీ."

కూర్చున్నాను. తెర మీద ఇంకా నేను దణ్ణాలు పెడుతూనే ఉన్నాను. ఇలాంటి ఒక్క బంతి పట్టుకోవడానికే ఇన్ని స్టేడియాలకి మోసిన ఖాళీ గ్లవ్‌లోకి బావగారు చూసుకుంటున్నారు. తర్వాత మెల్లగా దాన్ని తీసి పులిహోర సంచిలో పెట్టి, "బాగా విసిరావమ్మా, ఎంత దూరం పోయిందో," అన్నారు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు, అదే నాకు భరించలేకుండా ఉంది. మిగతా ఆటంతా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూశారు. ఆయన టీము ఆ రోజు గెలిచింది కూడా.

తిరిగి వస్తుంటే కారులో అక్క నన్ను వెనకేసుకొచ్చింది. "పోనివ్వండి, చదువుకోని పిల్ల, దానికేం తెలుసు." నేను కిటికీలోంచి టోల్ బూత్‌లు చూస్తూ కూర్చున్నాను. "ఇది ఏ కాలేజీలో చెప్తారే?" అని బావగారు రేడియో పెంచేశారు. తర్వాతి వేసవిలో వచ్చినప్పుడు డిక్కీలో ఆముదం వాసన లేదు. గ్లవ్ ఏదండీ అంటే మరిచిపోయానన్నారు. చలువ కళ్ళద్దాలు తుడిచే గుడ్డ కూడా మరిచిపోని మనిషి.

చదువుకోని పిల్ల అన్న మాట పడలేకే కాలేజీలో చేరానంటే వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. వర్క్ పర్మిట్ వచ్చింది, అమ్మాయి పెద్దదైంది, చేరాను. కానీ ఆ రోజు తర్వాత ఏ సభలోనైనా చప్పట్లు కొట్టేముందు పక్కవాళ్ళ చేతుల వైపు చూడటం అలవాటైంది. సంతోషం పట్టలేనప్పుడల్లా ఆ తెర గుర్తొస్తుంది. పొద్దున వంటింట్లో గెంతాక కూడా ఒకసారి చుట్టూ చూసుకున్నాను.

సాయంత్రం ధైర్యం చేసి ఫోన్ చేశాను. బావగారే ఎత్తారు. డిగ్రీ మాట వినగానే ఇల్లంతా వినపడేలా అక్కని పిలిచారు. కాన్వొకేషన్ ఎక్కడో చెప్పాను.

"ఆ స్టేడియమేనా?"

"అదే బావగారూ. మీకు రావాలని లేకపోతే నేనేమీ అనుకోను."

"బంతి విసిరినావిడని చివరికి గ్రౌండ్‌లోకే పిలిచారన్నమాట," అన్నారు. నాకు నవ్వొచ్చింది, దానితో పాటు ఏడుపూ వచ్చింది.

"అంతా అయ్యాక టోపీలు విసురుతారు కదమ్మా?"

"విసురుతారట."

"ఈసారి నావైపు విసురు." అని, ఫోన్ పక్కకి పెట్టి అక్కని అడగడం వినిపించింది. "ఏమోయ్, ఇంట్లో ఆముదం ఉందా?"

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళున్నారు. తెనాలిలో తమ్ముడు, వాడు నిద్ర లేవాలి. స్టాటిస్టిక్స్‌లో నన్ను గట్టెక్కించిన క్లాస్‌మేట్, నా కూతురి వయసు పిల్ల. ఐసెలిన్‌లో బ్లౌజు కుట్టే ఆంటీ, చంక దగ్గర కాస్త వదులుగా కుట్టమనాలి. హాస్టల్లో మా అమ్మాయి, ఆ రోజు మాత్రం సిట్ డౌన్ అనొద్దని ముందే మాట తీసుకోవాలి. నాయనమ్మ ఉండుంటే ఆవిడకీ చేసేదాన్ని, ఇచ్చేసినవి తిరిగి రావడానికి కాస్త టైము పడుతుందే అని చెప్పడానికి.