పెరటి గోడ, ముందు గుమ్మం

గరిటె వదిన సాధించిన మొదటి ఘనకార్యం, మున్సిపల్ ఆఫీసువాళ్ళు పట్టుకుపోయిన గిన్నెలను తానే వెళ్ళి వెనక్కి తెచ్చుకోవడం. బండి కూడా మాట్లాడుకోలేదు. పెద్ద డేగిసా చంకన పెట్టుకుని, మూతలు చేతపట్టుకుని నడివీధిలో నడిచొచ్చింది. ఆ మోతకు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఇంటి పొయ్యి మీద వండింది అమ్మకూడదనీ, అమ్మాలంటే విడిగా గది, విడిగా తలుపు ఉండాలనీ అప్పటి నిబంధన. ఆమెకున్నదే రెండు గదులు. ఒకదాంట్లో దర్జీ అయిన భర్త కుట్టుమిషను, రెండోదాంట్లో పొయ్యి.

అంతటితో ఊరుకుందా? ఊరుకుంటే గరిటె వదిన ఎందుకవుతుంది! చెప్పులరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగింది. కమిటీ పెద్దల ముందు నిలబడి, "అయ్యా, ఈ పొయ్యి మీద వండింది నా పిల్లలు తింటే తప్పులేదు గానీ, పక్కింటివాళ్ళు తింటే తప్పొచ్చిందా?" అని అడిగేసింది. ఒకాయనకు నవ్వొచ్చింది. ఇంకొకాయన ఫైలు తిరగేశాడు. ఏడాది తిరిగేసరికి నిబంధన సడలించారు. ఇంట్లో వండింది ఇరుగుపొరుగుకు అమ్ముకోవచ్చు. కాకపోతే వంటిల్లు శుభ్రంగా ఉండాలి, ధరల బోర్డు కనబడాలి, ముందు గుమ్మంలోనే చేతికివ్వాలి. ఆమె పుణ్యమా అని వీధిలో మరికొన్ని ఇళ్ళ పొయ్యిలూ అమ్మకానికి వెలిగాయి. చదివింది ఐదో తరగతి. పేపర్లో ఫోటో పడింది. ఇవన్నీ వీధిలో ఎవరినడిగినా గుక్కతిప్పుకోకుండా చెబుతారు. వదిన మాత్రం ఈమధ్య ఆ మాటెత్తితే చాలు, లేచి లోపలికి వెళ్ళిపోతోంది.

కారణం పెరటి గోడ.

దానికి అవతల తాళాలు బాగుచేసే ముసలాయన ఒక్కడే ఉండేవాడు. వదిన ఆయన్ని బాబాయ్ అనేది. వేరే చుట్టరికమేదీ లేదు, గోడే చుట్టరికం. మధ్యాహ్నమయ్యేసరికి తాళంచెవుల గుత్తితో గోడ మీద టకటకలాడించేవాడు.

"అమ్మాయ్, పొయ్యి బతికే ఉందా?"

"మీ పళ్ళు బతికుంటే రొట్టె ఉంది బాబాయ్!"

గిన్నె గోడెక్కి అటు దిగేది. ఇటు గడియ వదులైనా, మూత పిడి ఊడినా ఆయన వచ్చి బిగించి పోయేవాడు. దీన్నెవరూ దానమనలేదు, బేరమనీ అనలేదు.

అనుమతి కాగితం చేతికొచ్చిన రోజున వదినకు సంతోషంతోపాటు భయమూ పట్టుకుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్నది ఎక్కడ చేజారుతుందోనని. ముందు గుమ్మం అన్నారంటే ముందు గుమ్మమే. గోడ మీద టకటక వినబడగానే కేకేసింది: "బాబాయ్, ఇకమీదట ఇటు కాదు. రూలొచ్చింది. ముందు గుమ్మానికి రండి!"

ఆయన వచ్చాడు. చొక్కా మార్చుకుని మరీ వచ్చాడు. గిన్నె పట్టుకుని వరసలో నిలబడ్డాడు. ముందు టీచరమ్మ, వెనక పాలాయన. తలెత్తి బోర్డు చదివాడు. అంతసేపు చదవాల్సినంత పెద్ద బోర్డేమీ కాదది. వంతు దగ్గర పడుతుండగా వరసలోంచి పక్కకు తప్పుకున్నాడు.

"ఇవాళ ఆకల్లేదులే అమ్మాయ్. బోర్డు బాగుంది."

"ఆగండి బాబాయ్" అనాల్సిన నోటితో వదిన, "తరవాతెవరు?" అంది.

మర్నాడు టకటక లేదు. ఆ మర్నాడూ లేదు. పని తగ్గాక వెళ్ళి కనుక్కుందామనుకుంది, పని తగ్గితేగా! చివరికి ఒకనాడు గోడ మీదుగా తొంగిచూస్తే అవతల తలుపుకు తాళం. తమ్ముడి కూతురి ఊరు వెళ్ళిపోయాడని పాలాయన చెప్పాడు. వెళ్ళేముందు ఎప్పుడు వచ్చాడో గానీ, వదిన పెరటి తలుపు గడియకు కొత్త మేకు కొట్టి, నూనె పెట్టి పోయాడు. ఏళ్ళ తరబడి కిర్రుమన్న గడియ చప్పుడు లేకుండా జారింది. ఆ చప్పుడు లేకపోవడమే ఆమెను గుచ్చింది.

తరవాత తనిఖీకి ఆఫీసరు వచ్చాడు. వంటిల్లు చూసి తెగ మెచ్చుకున్నాడు. అదేదీ ఆమె చెవికెక్కలేదు.

"బాబూ, ఊరికే పెట్టేది గోడ మీదుగా ఇస్తే అనుమతి పోతుందా?"

ఆయన పకపకా నవ్వాడు. "మేం రాసింది అమ్మకానికమ్మా. మీ వాళ్ళకు మీరు పెట్టుకుంటే వద్దనడానికి మేమెవరం?"

ఆ సాయంత్రం దర్జీ మిషను ఆపి, "తెలియక చేశావు. దానికింత కుమిలిపోవాలా?" అన్నాడు.

"రూలు తెలియదు సరే. ఆయన సంగతి తెలియదా నాకు? ఆయన బోర్డు చదువుతుంటే చూశానయ్యా. పదిమందిలో పిలిచి ఊరికే పెడితే నా కొత్త బోర్డు చిన్నబోతుందనిపించింది. నోరు మూసుకున్నాను."

దర్జీ దారం తెంపాడు. "అయితే ఏం చేద్దామని?" అన్నాడు.

"వెళ్ళి తీసుకొస్తా."

"రానంటే?"

"గుమ్మంలో కూర్చుంటా. ఆఫీసువాళ్ళే దిగొచ్చారు, బాబాయ్ రాడా?"

అనేసింది గానీ, అక్కడ తన పక్కన న్యాయముంది, ఇక్కడ లేదు. అది ఆమెకూ తెలుసు.

తెల్లారి బస్సెక్కింది. పెరటి గోడ మీద ఆయనకు రొట్టె పెట్టిచ్చే గిన్నె బోర్లించి, ఎవరూ ముట్టుకోవద్దనీ, శుక్రవారానికి వస్తాననీ చెప్పి మరీ వెళ్ళింది. దర్జీ ధరల బోర్డుకు గుడ్డ కప్పాడు. మధ్యాహ్నం గిన్నెలతో వచ్చినవాళ్ళకు చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి ఆ గుడ్డ మీదే సుద్దముక్కతో రాసేశాడు: వంట లేదు. మనిషి ఊరెళ్ళింది. వచ్చేది ఆగస్టు పద్నాలుగు, శుక్రవారం.