దయానందం లైను

మొయినాబాద్‌లో ఇంటర్నెట్ దుకాణం పెట్టుకున్న దయానందానిది ఒకటే గుణం. లోకంలో ఏ తప్పు జరిగినా లైను నెత్తిన వేస్తాడు. మెయిల్ తెరుచుకోకపోతే లైను. కాగితం వంకరగా అచ్చయితే లైను. ఒకసారి చాయ్‌లో చక్కెర తక్కువైతే హోటలు వాణ్ణి ఒక్క మాట అనకుండా, "పొద్దుగాల్నుంచి లైనే సక్కగ లేదు" అన్నాడు.

ఆ మాట వింటే ఎంకపల్లి విమలమ్మకు ఒళ్లు మండేది. ఆమె చదివింది రెండో తరగతి, అదీ సగం. ఊరంతటికీ సలహాలు చెప్పేంత చదువు అందులోంచే పిండుకుంది. అవి నగరంలో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. ఒక కంప్యూటర్ కంపెనీ క్యాంటీన్‌కు ఆమె టమాటలు వెళ్లేవి. ఎన్ని పెట్టెలు కావాలో వాళ్లు మెయిల్‌లో అడిగితే సాయంత్రం ఐదులోపల జవాబివ్వాలి. లేదంటే ఆ బేరం ఇంకొకరిది, పండిన కాయలు చేలో మురగాల్సిందే. ఈ పని కోడలు అశ్విని దయానందం దుకాణానికొచ్చి చూసేది, విమలమ్మ తోడొచ్చి పక్కన కూర్చునేది. కాన్పుకు వెళ్తూ కోడలు, "ఎట్ల చేస్తరు అత్తమ్మా?" అని దిగులు పడితే, నువ్వు రాకముందు నేను బతకలేదా అని సాగనంపింది. కోడలు రాకముందు మెయిలే లేదన్న సంగతి మొయినాబాద్‌కు షేర్ ఆటో ఎక్కాక విమలమ్మకు గుర్తొచ్చింది.

దుకాణం నిండా కాలేజీ పిల్లలు. దయానందం ఖాతా పేజీ తెరిచి పాస్‌వర్డ్ చెప్పమన్నాడు.

విమలమ్మ చుట్టూ ఉన్న పిల్లలను ఒకసారి చూసింది. అత్త మరచిపోదని కోడలు పెట్టింది మామ పేరు. మరచిపోదు, నిజమే. కానీ పెళ్లయిననాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. రేషన్ కార్డు వాళ్లు అడిగినా పక్కింటావిడే చెప్పింది.

"మా ఇంటాయన పేరు" అంది.

"గదే, ఏం పేరు అవ్వా?"

"విష్ణుమూర్తి పండుకునే పాము పేరు."

శేషయ్య అని కొట్టాడు. తెరుచుకోలేదు. గది కాదు, దానికే ఇంకో పేరుందని ఆమె అంటే వాసుకయ్య అని కొట్టాడు. నాగయ్య అని చూడన్నా అని ఎవరో పిల్లవాడు అనగానే దుకాణమంతా నవ్వింది. ఊళ్లో అందరినీ కడిగిపారేసే విమలమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇంకొక్కసారి తప్పితే రేపటిదాకా ఖాతా మూతే అని తెర మీద వచ్చింది. ఆ పేరు గల మనిషిని చేలోంచి తీసుకొచ్చేంత సమయం లేదు.

అంతలో అన్ని కంప్యూటర్లలో పేజీలు ఆగిపోయాయి.

"లైను వాయె. అర్ధగంట దాక రాదు, చాయ్ తాగిరాపోన్రి" అన్నాడు దయానందం. పిల్లలు తిట్టుకుంటూ వెళ్లారు. అందరికంటే గట్టిగా తిట్టింది విమలమ్మే.

అతను మూలనున్న పాడైన కంప్యూటర్ చూపించాడు. దాని అద్దం మీద దట్టంగా దుమ్ము. "నోటితోని చెప్పకు అవ్వా. గీడ రాయి. రాస్తె ఏం గాదు గద."

రాయకూడదని ఎవరూ చెప్పలేదు. చదివిన సగం తరగతినీ ఖర్చుపెట్టి వేలితో అనంతయ్య అని రాసింది. దయానందం చూసి, వెంటనే తువ్వాలతో తుడిచేశాడు. తన కుర్చీలో కూర్చుని బల్ల కిందికి కాలు చాపి, బొటనవేలితో స్విచ్ వేశాడు. లైను వచ్చింది. ఖాతా తెరుచుకుంది. టమాటలకు సరేనని జవాబు వెళ్లింది.

విమలమ్మ ఆ బొటనవేలినే చూస్తోంది. మొన్న వాళ్లూరి యాదయ్య కీబోర్డు మీద తప్పు మీట నొక్కితే పిల్లలు నవ్వినప్పుడూ లైను పోయింది. పరీక్ష తప్పిన మార్కులు చూసి రాములమ్మ మనవరాలి కళ్లు నిండినప్పుడూ పోయింది. అప్పుడు కూడా దుకాణం కప్పు ఎగిరేలా తిట్టింది తనే.

"నీ లైను మంచిగనే ఉన్నది గదయ్యా" అంది.

"యాడ మంచిగున్నది అవ్వా" అన్నాడు దయానందం, తలెత్తకుండా.

ఆమె బయటికి వస్తుంటే వాళ్లూరి అంజిలయ్య లోపలికి వెళ్లి, కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కూర్చున్నాడు. చాయ్ తాగిన పిల్లలు గుంపుగా తిరిగొచ్చి, లైను వచ్చిందా అవ్వా అని అడిగారు. విమలమ్మ గడపకు అడ్డంగా చతికిలబడింది.

"యాడికెళ్లి వస్తది బిడ్డా, ఖరాబు లైను. ఇంకో చాయ్ తాగిరాపోన్రి."